ఆన్‌లైన్ బేరంలో రైతు పైస ఎక్కడ ఆగుతున్నది?

సంపాదకీయం

ఈ సీజన్‌లో సీసీఐకి పత్తి అమ్మాలంటే ముందు ఫోన్‌లో స్లాట్ దొరకాలి. విత్తనాల ప్యాకెట్, పురుగుమందు డబ్బా, స్ప్రేయర్ మోటారు కూడా ఫోన్‌లోనే దొరుకుతున్నయి. అచ్చంపేటలో చదువుకునే పిల్లగాడు చెప్పులు ఆర్డర్ పెడితే నాలుగో రోజుకు ఇంటికొస్తున్నయి. గానుగ నూనె, తేనె, మామిడిపండ్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టి అమ్ముకునే రైతులు మన మధ్యనే ఉన్నరు. ఈ వ్యాపారం వద్దన్నా ఆగదు. దళారి లేని కాలం వచ్చేసిందని సంబరపడటం కూడా తొందరపాటే. ఈ బేరం ఎట్లా నడుస్తదో, ఎక్కడ మన పైస ఆగుతదో లెక్కగట్టి తెలుసుకోవాల్సిన అవసరం వచ్చింది.

మన సంఘం మాట ముందే చెప్తున్నం. ఫోన్ ధర పెంచదు, తగ్గించదు. సరుకు నాణ్యత ఎవరు తేలుస్తరు, కొనేటోళ్లు ఎంతమంది పోటీకి వస్తరు, పైసలు ఏ రోజు చేతికొస్తయి - ఈ మూడే ధరను నిర్ణయిస్తయి. పాత యార్డులోనూ కొట్లాట వీటి మీదనే. కొత్త యార్డులోనూ వీటి మీదనే ఉండాలె.

చూడకుండా కొనే బేరం

మన పొడ తూర్పు ఎడ్లు కొనేటోడు ఏం చేస్తడు? నోరు తెరిచి పండ్లు చూస్తడు. నాలుగడుగులు నడిపిస్తడు. గిట్టలు, మూపురం తడిమి చూస్తడు. అప్పుడు గాని ధర మాట్లాడడు. ఆన్‌లైన్‌లో కొనేటోనికి ఈ అవకాశం లేదు. ఫోటో చూసి, నాలుగు మాటలు చదివి పైసలు కడతడు. అందుకే ఈ వ్యాపారంలో సరుకు కంటే ముందు అమ్ముడుపోయేది నమ్మకం. ఆ నమ్మకం ఎవరి చేతిలో ఉంటే లాభంలో పెద్ద పాలు వాళ్లదే.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటివి ఎక్కువ సరుకును తాము కొని అమ్మవు. అమ్మేటోడు వేరు, కంపెనీ వేరు. కంపెనీ అంగడి పెట్టి, అమ్మకం మీద కమీషన్ తీసుకుంటది. గోదాము, రవాణా, ప్రకటన అన్నిటికీ విడిగా లెక్క కడుతది. విదేశీ పెట్టుబడి ఉన్న ఇట్లాంటి కంపెనీలు సొంత సరుకు పెట్టుకొని అమ్మొద్దని కేంద్రం నిబంధన. 2018 డిసెంబర్‌లో దాన్ని ఇంకా గట్టి చేసి 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి తెచ్చిండ్రు. కానీ ఏ సరుకు మొదటి పేజీలో కనపడాలె, ఏది అడుగుకు పోవాలె అనేది కంపెనీ చేతిలోనే ఉంటది. సంతలో నాలుగు రోడ్ల కూడలిలో కూసున్నోని గంప ముందు ఖాళీ అయితది. సందులో కూసున్నోడు సాయంత్రం దాకా ఎదురు చూస్తడు. ఆన్‌లైన్ సంతలో ఆ కూడలిని కంపెనీ కిరాయికిస్తది. తేడా అంతే.

ఈ పెత్తనం తగ్గించేందుకని కేంద్రం 2021 డిసెంబర్ ఆఖరున ఓఎన్‌డీసీ అనే సంస్థను పెట్టింది. ఒక యాప్‌లో ఉన్న కొనుగోలుదారు వేరే యాప్‌లో ఉన్న అమ్మకందారు దగ్గర కొనొచ్చనేది దాని ఆలోచన. రైతు ఉత్పత్తిదారుల సంఘాలను కూడా అందులో చేరుస్తున్నరు. చేరడం మంచిదే. కానీ పేరు నమోదైనంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు. నెల నెలా ఒకే తీరు సరుకు, ఒకే తూకం, ఒకే ప్యాకింగ్ ఇయ్యగలిగితేనే కొన్నోడు మళ్లీ కొంటడు.

లీటరు నూనె లెక్క

చిల్లరగా అమ్ముకుందామనుకునే రైతు ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలె. నమూనాకు పల్లి నూనె తీసుకుందాం. కింది అంకెల్లో మద్దతు ధర తప్ప మిగతావి అందాజగా పెట్టినవి. మీ ఊరి ఖర్చులు పెట్టి మీరే మళ్లీ కట్టి చూసుకోండి.

క్వింటాలు పల్లికాయ కొట్టిస్తే 70 కిలోల దాకా పప్పు వస్తదనుకుందాం. గానుగ పడితే నూటికి నలభై చొప్పున 28 కిలోల నూనె, అంటే సుమారు 30 లీటర్ల చిల్లర. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర కడితే లీటరు నూనెకు 237 రూపాయల కాయ పడుతది. లీటరు 400 రూపాయలకు ఆన్‌లైన్‌లో పెట్టినమనుకోండి. కంపెనీ కమీషన్ నూటికి పది అంటే 40. సీసా, లేబుల్, అట్టపెట్టె 30. రవాణా 60. గానుగ కూలి 30. పగిలినయి, వాపసు వచ్చినయి లీటరు మీద 15 పడతయనుకుందాం. అన్నీ పోను 225 మిగులుతది. కాయ ఖరీదే 237. పిండి అమ్మితే లీటరుకు ఇంకో 55 రాకుంటే చేతి నుంచి పోయేది. పిండి కలిపితే 43 రూపాయలు మిగిలినయి. జీఎస్టీ, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్, ప్రకటన ఖర్చు, ఇంటి మనుషుల కష్టం ఇందులో కలుపలేదు.

ఇదే నూనెను ఐదు లీటర్ల డబ్బాల్లో, తెలిసిన పదిహేను ఇండ్లకు ఒకేసారి పంపితే లెక్క మారుతది. రవాణా లీటరుకు సగం అయితది. సీసాల ఖర్చు తగ్గుతది. కమీషన్ ఉండదు. అంటే చిన్న రైతుకు పనికొచ్చేది దేశం మొత్తానికి తెరిచిన దుకాణం కాదు, నమ్మకమైన వంద ఇండ్ల జాబితా. 2020 లాక్‌డౌన్‌లో మామిడి రైతులకు దారులు మూసుకుపోతే మన రాష్ట్రంలో ఉద్యాన శాఖ, తపాలా శాఖ కలిసి పండ్ల పెట్టెలు ఇండ్లకు చేర్చినయి. అదే ఏడు ఆర్టీసీ కార్గో, పార్సిల్ సేవ మొదలుపెట్టింది. ఆర్డర్ ఫోన్‌లో, పైసలు ఫోన్‌లో, పెట్టె మాత్రం బస్సులో. కొల్లాపూర్ మామిడికైనా, మన గానుగ నూనెకైనా ఈ దారి దగ్గరిది, ఖర్చు తక్కువది.

అడవి సరుకుదీ ఇదే సంగతి. నల్లమల చెంచులు తెచ్చే తేనె, బంక కొని అమ్మడానికి 1956లోనే గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. పట్నంలో నల్లమల తేనె పేరు చెప్తే నాలుగు పైసలు ఎక్కువ పెట్టేటోళ్లున్నరు. ఆ పేరు తెచ్చిపెట్టే నాలుగు పైసల్లో చెట్టెక్కి పట్టు కోసినోని పాలు ఎంతో సీసా మీదనే అచ్చు వేయాలె. తేనె సేకరించినోనికి కిలోకు ఎంత ఇచ్చిండ్రో కొనేటోనికి తెలిస్తే ఎవరు సగం మింగుతున్నరో కూడా తెలుస్తది.

ఈ-నామ్: కాగితం మీద బాగుంది

చిల్లర అమ్మకం కొందరికే. మనలో ఎక్కువ మందికి బస్తాల లెక్కన అమ్మే పంటే దిక్కు. దానికోసం కర్ణాటక 2014లోనే మార్కెట్లను ఆన్‌లైన్‌తో కలిపింది. ఆ అనుభవం చూసి కేంద్రం 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలుపెట్టింది. మొదటి రోజు ఎనిమిది రాష్ట్రాల్లో 21 మార్కెట్లు. మన రాష్ట్రం నుంచి నిజామాబాద్, వరంగల్, తిరుమలగిరి, మలక్‌పేట, జడ్చర్ల దగ్గరి బాదేపల్లి తొలి వరుసలోనే చేరినయి. ఇప్పుడు దేశంలో ఈ మార్కెట్లు 1,300 దాటినయి. మన రాష్ట్రంలో 57 ఉన్నయి.

పద్ధతి ప్రకారం నడిస్తే ఈ-నామ్‌లో రైతుకు మేలే. గేటు దగ్గర సరుకు నమోదు చేసి లాట్ నంబరు ఇస్తరు. ల్యాబ్‌లో తేమ, దుమ్ము, పప్పు శాతం చూసి అందరికీ కనపడేటట్టు పెడతరు. ఖరీదుదార్లు ఎవరి ధర వాళ్లు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వేస్తరు. ఒకరి ధర ఇంకొకరికి తెలియదు. ఎక్కువ వేసినోని పేరు మీద లాట్ తేలుతది. ధర నచ్చకుంటే వద్దనే హక్కు రైతుకున్నది. నచ్చితే కాంటా, తక్‌పట్టీ, ఆ తర్వాత బ్యాంకు ఖాతాలో పైసలు.

మరి మన యార్డుల్లో ఏం జరుగుతున్నది? ల్యాబ్ ఉంటే మనిషి ఉండడు. మనిషి ఉంటే సీజన్‌లో వచ్చే వందల లాట్లు చూసే తీరిక ఉండదు. అందుకే ఖరీదుదారు కుప్ప దగ్గరికి వచ్చి, గుప్పెడు తీసి, కాయ వొలిచి చూసి పోతడు. అదే నలుగురు ఖరీదుదార్లు చాయ్ దగ్గర ఒక ధర అనుకుంటే అదే ధర కంప్యూటర్‌లో కనపడుతది. అరవై కిలోమీటర్ల అవతలి వ్యాపారి మన యార్డులో ధర వేయాలంటే అతనికి ల్యాబ్ చీటీ మీద నమ్మకం ఉండాలె. చీటీ లేని చోట బయటి వ్యాపారి రాడు. బయటోడు రాని చోట పోటీ లేదు. పోటీ లేని చోట కంప్యూటర్ పెట్టినా నల్లబోర్డు పెట్టినా ధర ఒక్కటే.

2024 ఫిబ్రవరి మొదట్లో అచ్చంపేట మార్కెట్‌లో పల్లి రైతులు ఎందుకు ఆందోళనకు దిగిండ్రో యాది చేసుకోండి. యార్డు నిండా పల్లి వచ్చిన రోజుల్లో ధర ఒక్కసారిగా పడిపోయింది. వ్యాపారులు కుమ్మక్కైండ్రని రైతులు ఆగ్రహించిండ్రు. ఆ ఏడు మద్దతు ధర 6,377 రూపాయలు. అమ్రాబాద్, పదర నుంచి ఘాటు దిగి సరుకు తెచ్చినోడు బండి కిరాయి కట్టి మళ్లీ ఎక్కించుకొని పోలేడు. వద్దనే హక్కు కాగితం మీద ఉన్నా, సరుకు రెండు రోజులు పెట్టుకునే గోదాము, దాని మీద అప్పు ఇచ్చే బ్యాంకు లేకుంటే ఆ హక్కు పనికిరాదు. ఆన్‌లైన్ బేరానికి అసలు బలం యార్డు వెనకాల గోదాములో ఉంటది.

పైసల సంగతి ఇంకొకటి. ఖాతాలో పడేదాకా ఆగలేనోడు చేతికి నగదు అడిగితే నూటికి ఒకటో రెండో కోత పెట్టే అలవాటు చాలా మార్కెట్లలో ఉన్నది. సరుకు అమ్మిన పూటనే ఖాతాలో పడేటట్టయితే ఈ కోతకు తావే ఉండదు. ఫోన్‌లో ఛాయ్ పైసలు రెండు సెకన్లలో పోతున్నయి. పంట పైసలకు మాత్రం వారం ఎందుకు పట్టాలె?

పత్తి స్లాట్ నేర్పిన పాఠం

2025 వానాకాలం పత్తికి సీసీఐ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. ఆధార్‌తో నమోదు కావాలె, స్లాట్ పట్టుకోవాలె, ఆ రోజున చెప్పిన జిన్నింగ్ మిల్లుకు పోవాలె. వరుసల్లో మూడు రోజులు నిలబడే బాధ తప్పితే మంచిదే. దళారి రైతు పేరు మీద అమ్ముకునే మోసం ఆగితే ఇంకా మంచిదే. కానీ నమోదుకు స్మార్ట్‌ఫోన్, ఆధార్‌కు కలిపిన నంబరు, సిగ్నల్ మూడూ ఉండాలె. నల్లమల లోపలి పెంటల్లో, తండాల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కేటోళ్ల సంగతి యాప్ తయారు చేసినోళ్లకు తెలియదు. కౌలు రైతు పేరు పంట నమోదులో లేకుంటే అతని పత్తి పట్టాదారు పేరు మీదనో, దళారి చేతికో పోవాల్సిందే.

అక్టోబర్ ఆఖరున మొంథా తుఫాను వానలు మన మండలాల మీద పడ్డయి. చేను మీద పత్తి తడిసింది. పొడుగు పింజకు మద్దతు ధర 8,110 రూపాయలు. అది 8 శాతం తేమ ఉన్నప్పటి మాట. ఆ పైన ఒక్కో శాతానికి 81 రూపాయల చొప్పున కోత. 12 శాతానికి 7,786 రూపాయల దగ్గర ఆగుతది. 12 దాటితే కొనరు. స్లాట్ తేదీ ఫోన్ చెప్తది, తేమ మాత్రం మొగులు చెప్తది. ఈ రెండూ కలవని రోజున రైతు పత్తిని ఊరి వ్యాపారికే పోసిండు. పైగా ఎకరాకు 12 క్వింటాళ్ల బదులు 7 క్వింటాళ్లే కొంటమనే లెక్క పెట్టేసరికి రాష్ట్రమంతా రైతులు అభ్యంతరం చెప్పిండ్రు. యార్డులో అధికారి హద్దు పెడితే నలుగురం పోయి అడిగేటోళ్లం. యాప్‌లో హద్దు పెడితే అడగడానికి ఎదురుగా మనిషి లేడు. ఆన్‌లైన్‌లో రైతు పోగొట్టుకునేది ముందుగా ఈ అడిగే చోటునే.

చట్టం గుర్తుండాలె

ఆన్‌లైన్ బేరం పేరు మీద మార్కెట్ యార్డునే పక్కకు తోయాలని ఒకసారి ప్రయత్నం జరిగింది. 2020లో తెచ్చిన మూడు చట్టాల్లో వ్యాపారం గురించిన చట్టం ప్రకారం పాన్ కార్డు ఉన్నోడెవడైనా యార్డు బయట రైతు దగ్గర కొనొచ్చు, పాన్ ఉన్న సంస్థలు ఎలక్ట్రానిక్ వేదిక పెట్టొచ్చు. మార్కెట్ ఫీజు లేదు. పైసలు అదే రోజు లేదంటే మూడు పనిదినాల్లో ఇయ్యాలన్నరు. ఇయ్యకుంటే సివిల్ కోర్టుకు పోయే దారి మూసి, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గరికి పొమ్మన్నరు. ఎక్కడో పట్నంలో కూసున్న వ్యాపారి పైసలు ఎగ్గొడితే రెండెకరాల రైతు ఫైలు పట్టుకొని ఎన్నిసార్లు తిరుగుతడు? ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా రైతులు కూసుంటేనే 2021 నవంబర్‌లో ఆ చట్టాలు రద్దయినయి. 2024 నవంబర్‌లో కేంద్రం వ్యవసాయ మార్కెటింగ్ విధాన ముసాయిదా బయటపెడితే అవే చట్టాలు వెనక తలుపు నుంచి వస్తున్నయని సంయుక్త కిసాన్ మోర్చా ఎదిరించింది. మనం ఆన్‌లైన్‌కు అడ్డం కాదు. లైసెన్సు, పూచీకత్తు, అడిగే నాథుడు లేని అంగడికి అడ్డం.

కొనేటప్పుడు జాగ్రత్త

అమ్మేటప్పుడే కాదు, కొనేటప్పుడూ మనం మోసపోతున్నం. పురుగుమందులు ఆన్‌లైన్‌లో అమ్మొచ్చని 2022 నవంబర్‌లో కేంద్రం నిబంధన మార్చింది. కానీ అమ్మేటోనికి లైసెన్సు ఉండాలె, అది ఉన్నదో లేదో అంగడి పెట్టిన కంపెనీ చూసుకోవాలె. ఊరి దుకాణంలో కొంటే మందు పనిచేయకుంటే పోయి గల్లా పట్టి అడగొచ్చు. ఫోన్‌లో కొన్న మందుకు బిల్లే మన చేతిలో ఉండే సాక్ష్యం. కాబట్టి బిల్లు, లాట్ నంబరు, గడువు తేదీ లేని విత్తనం గానీ మందు గానీ ఎంత చవక అయినా ముట్టొద్దు. ఖాళీ ప్యాకెట్‌ను, పిడికెడు విత్తనాన్ని పంట చేతికొచ్చేదాకా దాచిపెట్టుకోవాలె.

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం అమ్మేటోని పేరు, చిరునామా కనపడాలె. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలె. నెల రోజుల్లో తేల్చాలె. తేల్చకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇంకో మాట ఇంట్లో పిల్లలకు, ముసలోళ్లకు కూడా చెప్పండి. మనకు పైసలు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు. ‘మీ సరుకు కొంటం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్సు పడుతది’ అన్నోడు దొంగనే. పైసలు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలె.

మన డిమాండ్లు

ఒకటి. అచ్చంపేట, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, దేవరకొండ యార్డుల్లో సీజన్ మొదలయ్యేలోగా నాణ్యత చూసే ల్యాబ్, సరిపడా సిబ్బంది ఉండాలె. ల్యాబ్ చీటీ ఒక ప్రతి రైతుకు ఇయ్యాలె.

రెండు. ప్రతి లాట్‌కు ఎంతమంది ధర వేసిండ్రో, ఎంత వేసిండ్రో సాయంత్రానికి బోర్డు మీద పెట్టాలె. మద్దతు ధర కంటే తక్కువకు లాట్ తేలిన రోజున మార్క్‌ఫెడ్ దిగి కొనాలె.

మూడు. అమ్మిన రోజే రైతు ఖాతాలో పైసలు పడాలె. ఆలస్యమైతే వడ్డీ కట్టాలె. ఖరీదుదారు పూచీకత్తు మార్కెట్ కమిటీ దగ్గర ఉండాలె.

నాలుగు. ఏ యాప్ తెచ్చినా పక్కన మనిషి ఉన్న కౌంటర్ ఉండాలె. సిగ్నల్ లేని ఊర్లలో రైతు వేదికలోనే స్లాట్ ఇయ్యాలె. వాన పడితే స్లాట్ పోకుండా తేదీ మార్చాలె.

ఐదు. కౌలు రైతుల పేర్లు పంట నమోదులోకి ఎక్కించాలె. 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం ప్రకారం గుర్తింపు కార్డులు ఇయ్యాలె.

ఆరు. యార్డుల్లో గోదాములు, గోదాము రసీదు మీద పంట అప్పులు చిన్న రైతుకూ అందాలె.

సంఘం చేయాల్సిన పని

సర్కారును అడిగి ఊకుంటే సరిపోదు. ఒక్కో ఊరి నుంచి చదువుకున్న ఇద్దరు యువకులు, ఒక మహిళా సంఘం సభ్యురాలు ముందుకు రావాలె. పొద్దున్నే చుట్టుపక్కల యార్డుల ధరలు ఫోన్‌లో చూసి ఊరి గ్రూపులో పెట్టాలె. నాణ్యత ఒకే తీరు ఉన్న సరుకును ఇరవై మంది కలిపి ఒకే లాట్‌గా తీసుకపోతే బండి కిరాయి తగ్గుతది, ఖరీదుదారు కన్ను పడుతది, ‘వద్దు’ అనే ధైర్యం వస్తది. ఒక్కడు వద్దంటే ఖరీదుదారు పక్క కుప్పకు పోతడు. ఇరవై మంది వద్దంటే ధర పెంచక తప్పదు.

పల్లి యార్డుకు ఎక్కుతున్న రోజులివి. తక్‌పట్టీ, ల్యాబ్ చీటీ, ఖాతాలో పైసలు పడ్డ తేదీ - ఈ మూడింటి ఫోటోలు ప్రతి సభ్యుడు మండల కమిటీకి పంపాలె. వచ్చే నెల మార్కెట్ కమిటీ ముందు మాట్లాడేటప్పుడు మన చేతిలో ఉండాల్సింది ఆ లెక్కలే.